గరాటులో మిరపకాయ

"మా ఇంట్లో ఫోటో తీయదగ్గ వస్తువేమీ లేదండీ, మాస్టారూ!"

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు ఓసారి నాతో అన్న మాట ఇది. కాంతి పాఠం పూర్తి అయిన మర్నాడు పిల్లలకు ఒక పని పెట్టాను. ఇంట్లో ఉన్న అందమైన వస్తువు ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లోవాళ్ళ సెల్‌ఫోను అడిగి, దానితో ఆ వస్తువుకు ఒకే ఒక్క ఫోటో తీసి తీసుకురావాలి. పిల్లలు పూలకుండీలు, పింగాణీ బొమ్మలు, షోకేసులోని కప్పులు ఫోటోలు తీసి తెచ్చారు. ఈ కుర్రవాడు మాత్రం వట్టి చేతులతో వచ్చి, తల వంచుకొని నిలబడ్డాడు.

తప్పు అతనిది కాదు, నాది. "అందమైన వస్తువు" అని నేను అనకూడదు. ఆ మాట వినగానే వాడు తన రేకుల ఇంట్లో నాలుగు మూలలూ వెతికి, తమకు అందమైనదేదీ లేదని తేల్చుకున్నాడు. పాఠం చెప్పబోయి ఒక పిల్లవాడికి లేని లోటు చూపించినట్లయింది.

ఆ తప్పు దిద్దుకోవడానికి మర్నాడు తరగతిలో ఒక మిరపకాయ కథ చెప్పాను. మీకూ చెబుతాను, వినండి.

చీపురుకట్టతో మొదలు

ఫోటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లోనే మామూలు వస్తువులు కెమెరా ముందుకు వచ్చాయి. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కాగితం మీద వెండి లవణాలు పూసి, దానిపై కాంతితో నెగెటివ్ తయారుచేసే పద్ధతిని 1841లో ప్రకటించాడు. ఒకే నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీసుకునే వీలు దీనితో కలిగింది.

1844లో ఆయన తీసిన ఒక ఫోటో పేరు "తెరిచిన తలుపు". అందులో రాజులు లేరు, కోటలు లేవు. సగం తెరిచిన ఒక తలుపు, దానికి ఓరగా ఆనించిన ఒక చీపురుకట్ట, గోడకు వేలాడే ఒక లాంతరు, గుర్రపు కళ్ళెం, అంతే! ఎండ ఏటవాలుగా పడుతూండగా చీపురుకట్ట నీడ దాని పక్కనే గీత గీసినట్లు పడింది. హాలెండు చిత్రకారులు వంటిళ్ళనూ పెరళ్ళనూ చిత్రించలేదా, మనమూ అలాంటివాటిని ఎందుకు ఫోటో తీయకూడదు అన్నది ఆయన వాదన. 1844-46 మధ్య వెలువరించిన తన పుస్తకంలో ఈ చిత్రాన్నీ, బీరువా అరల్లో పేర్చిన పింగాణీ, గాజు సామానుల చిత్రాలనూ చేర్చాడు.

చూశారా! నేడు గొప్పదిగా చెప్పుకునే ఒక చిత్రానికి మూలవస్తువు మనం తలుపు చాటున దాచే చీపురుకట్ట.

ఇక మిరపకాయ సంగతి

ఎడ్వర్డ్ వెస్టన్ అమెరికా దేశస్థుడు. 1886లో పుట్టాడు, 1958లో మరణించాడు. మొదట్లో స్టూడియో పెట్టుకొని, వచ్చినవాళ్ళకు ఫోటోలు తీస్తూ బతికాడు. తర్వాత ఆయన దృష్టి నత్తగుల్లలు, కాయలు, ఆకుల మీదికి మళ్ళింది. 1927లో నత్తగుల్లలనూ, 1931లో ఒక క్యాబేజీ ఆకునూ తీశాడు. ఆ ఆకు ఈనెలు జలపాతంలా జాలువారుతున్నట్లు కనిపిస్తాయి.

1930 ఆగస్టులో ఆయన తీసిన "మిరపకాయ, 30వ నంబరు" అన్నిటిలోకీ ప్రసిద్ధి పొందింది. ఇది మనం పచ్చడి నూరుకునే సన్న మిరప కాదు. కూరల్లో వేసే లావుపాటి కాప్సికం. మన వైపు కొందరు బెంగుళూరు మిరప అంటారు. మెలికలు తిరిగిన ఆ కాయను ఫోటోలో చూస్తే, వంగి కూర్చున్న మనిషి వీపులాగా, బిగించిన కండలాగా ఉంటుంది. అలాగని అది మిరపకాయ కాకుండానూ పోదు. దాని తొక్క నునుపూ, ఒక చోట మొదలైన మెత్తదనమూ కళ్ళకు కట్టినట్లు తెలుస్తాయి.

పేరులో 30 ఎందుకు? అది వరుస సంఖ్య. ఒకటి తీసి బాగుందని ఊరుకోలేదు ఆయన. కాయలు మార్చి, వెనుక తెరలు మార్చి, వెలుతురు మార్చి మళ్ళీ మళ్ళీ తీశాడు. తెల్లని తెర వేశాడు, మరొకటి వేశాడు, నచ్చలేదు. చివరికి ఒక పెద్ద తగరపు గరాటును పక్కకు పడుకోబెట్టి, దాని నోట్లో కాయను ఉంచాడు. అప్పుడు కుదిరింది!

గరాటుకూ మిరపకాయకూ ఏమిటి సంబంధం? ఇక్కడే మన సైన్సు పాఠం మొదలవుతుంది.

వెలుతురు ఏ దిక్కు నుంచి?

పౌర్ణమినాడు చంద్రుణ్ణి చిన్న దూరదర్శినితో చూస్తే గుండ్రని తెల్లని పళ్ళెంలా కనిపిస్తాడు. దాని మీది గుంటలు అంతగా తెలియవు. అదే అర్ధచంద్రుడున్న రోజున, వెలుగు-చీకటి కలిసే సరిహద్దు దగ్గర చూడండి. గుంటలు, కొండలు స్పష్టంగా తెలుస్తాయి. చంద్రుడు మారలేదు. వెలుతురు వచ్చే దిక్కు మారింది, అంతే.

పౌర్ణమినాడు సూర్యుడు మన వెనుకనుంచి చంద్రుడి మీద పడుతున్నట్లే లెక్క. ప్రతి కొండ నీడా కొండ వెనుకనే దాగిపోతుంది. అర్ధచంద్రుడి సరిహద్దు దగ్గర సూర్యకాంతి నేలను ఒరుసుకుంటూ ఏటవాలుగా పడుతుంది. చిన్న మిట్టకు కూడా పొడవైన నీడ ఏర్పడుతుంది. ఆ నీడను బట్టే మన కన్ను ఎత్తుపల్లాలను గ్రహిస్తుంది.

సెల్‌ఫోనులో ఫ్లాష్ వేసి తీసిన ఫోటో చప్పగా ఉండటానికి కారణం కూడా ఇదే. ఫ్లాష్ దీపం కటకానికి పక్కనే ఉంటుంది కనుక నీడలన్నీ వస్తువు వెనుక దాక్కుంటాయి. వస్తువు నున్నగా ఉంటే మరో చిక్కు. పతన కోణం, పరావర్తన కోణం సమానమని చదువుకున్నారు గదా? ఎదురుగా పడిన కాంతి ఎదురుగానే తిరిగి వచ్చి, ఫోటోలో ఒక తెల్లని మచ్చగా మిగులుతుంది.

వెస్టన్ మామూలు పగటి వెలుతురునే వాడాడు. అది ఒక వైపునుంచి పడితే కాయలో ఒక భాగం ప్రకాశిస్తుంది, రెండో భాగం పూర్తిగా చీకటవుతుంది. అప్పుడు కాయ గుండ్రదనం సగమే తెలుస్తుంది. గరాటు లోపలి తగరం ఆ వెలుతురును పరావర్తనం చేసి, కాయ పక్కల మీదికి కొంచెం కొంచెంగా పంపింది. దాంతో నీడ పడిన అంచులు కూడా సన్నని వెలుగు గీతతో కనిపించాయి. గరాటు శంకువు ఆకారంలో ఉంది కనుక దాని లోతట్టు క్రమంగా చీకటవుతూ పోయి, కాయకు నల్లని తెర అయింది. నూనె పోసుకునే గరాటు ఒకే సమయంలో రెండు పనులు చేసిందన్నమాట!

చిన్న రంధ్రం, పెద్ద ఓపిక

మరో సంగతి. దగ్గరగా ఉన్న చిన్న వస్తువును ఫోటో తీస్తే దాని ముందు భాగం స్పష్టంగా వచ్చి, వెనుక భాగం మసకబారుతుంది. మిరపకాయ మొత్తం ఈ చివరనుంచి ఆ చివరకు స్పష్టంగా రావాలంటే ఏం చేయాలి? కటకం ముందున్న ద్వారాన్ని బాగా చిన్నది చేయాలి. చిన్న ద్వారం గుండా వచ్చే కిరణపుంజం సన్నగా ఉంటుంది. అందువల్ల బింబం కొంచెం ముందో వెనుకో ఏర్పడినా మసక తక్కువగా ఉంటుంది.

ఇది మీరే పరీక్షించవచ్చు. ఒక అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేయండి. ఈ పత్రికను కంటికి అయిదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. అక్షరాలు అలుక్కుపోయినట్లుంటాయి. ఇప్పుడు అట్టను కంటికి దగ్గరగా పెట్టి రంధ్రంలోంచి చూడండి. అక్షరాలు తేటపడతాయి, కానీ వెలుతురు తగ్గుతుంది. (జాగ్రత్త! ఈ రంధ్రంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి.)

వెలుతురు తగ్గడమే ఇందులోని చిక్కు. ఎంత తగ్గుతుందో లెక్క వేద్దాం. ఫోటోగ్రాఫర్లు ద్వారం పరిమాణాన్ని "ఎఫ్" సంఖ్యతో చెబుతారు. కటకం నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. నాభ్యంతరం 300 మిల్లీమీటర్లు అనుకోండి. ఎఫ్/8 దగ్గర ద్వారం వ్యాసం 37.5 మిల్లీమీటర్లు. ఎఫ్/64 దగ్గర 4.7 మిల్లీమీటర్లు మాత్రమే. వ్యాసం 8 రెట్లు తగ్గింది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది 64 రెట్లు తగ్గింది. ఎఫ్/8 దగ్గర ఒక సెకను చాలితే, ఎఫ్/64 దగ్గర 64 సెకన్లు కావాలి. మసక వెలుతురులో ఫిల్ము మరింత మందకొడిగా పనిచేస్తుంది. అందువల్ల నిజంగా పట్టే కాలం లెక్కకన్నా ఎక్కువే.

ఈ కారణంగా వెస్టన్ తన కెమెరాను నిమిషాల తరబడి తెరిచి ఉంచవలసి వచ్చేది. అంతసేపూ కాయ కదలకూడదు, బల్ల అదరకూడదు. ఆయన కెమెరా కూడా సామాన్యమైనది కాదు. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు గల నెగెటివ్ పట్టే పెద్ద పెట్టె. ఆ నెగెటివ్‌ను నేరుగా ఫోటో కాగితానికి ఆనించి అదే సైజులో ప్రతి తీసేవాడు. పెద్దది చేయనవసరం లేదు కనుక చిన్న చిన్న వివరాలు కూడా చెదరకుండా వచ్చేవి.

1932లో వెస్టన్, ఆన్సెల్ ఆడమ్స్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్, మరికొందరు కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బృందం ఏర్పరచుకున్నారు. దాని పేరు ఏమిటో తెలుసా? "గ్రూప్ ఎఫ్/64"! మసకమసకగా తీసి పెయింటింగులా కనిపింపజేయడం అప్పట్లో చాలామందికి ఫ్యాషను. ఉన్నది ఉన్నట్లు స్పష్టంగా చూపడమే తమ మార్గమని వీరు ప్రకటించారు. ఒక భౌతికశాస్త్ర సంఖ్య ఒక కళా బృందానికి పేరు కావడం చిత్రం కదూ!

ఒక ఫోర్కు, ఒక మాస్టారు

ఇంకో ఇద్దరి గురించి కూడా చెప్పాలి.

హంగేరీలో పుట్టిన ఆండ్రే కెర్టెజ్ 1928లో పారిస్‌లో ఒక ఫోర్కును ఫోటో తీశాడు. పళ్ళెం అంచు మీద ఆనించిన ఫోర్కు, దాని నీడ, పళ్ళెం నీడ, అంతే ఆ చిత్రం. అందులో నీడలకు వస్తువులతో సమానమైన స్థానం ఉంది. దీపం చిన్నదైతే నీడ అంచులు కత్తితో కోసినట్లు వస్తాయి. వెలుతురు వచ్చే మేర పెద్దదైతే, ఉదాహరణకు మబ్బు పట్టిన ఆకాశమైతే, ప్రచ్ఛాయ చుట్టూ పాక్షికచ్ఛాయ వెడల్పు పెరిగి, నీడ మెత్తబడుతుంది. ఎలాంటి నీడ కావాలో ముందే ఆలోచించుకొని, దానికి తగిన వెలుతురును ఎంచుకోవచ్చు.

రెండోవాడు జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. 1865లో పుట్టి 1932లో మరణించాడు. ఈయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఎందుకంటే ఈయన కూడా మాస్టారే! బెర్లిన్‌లోని కళాపాఠశాలలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాడు. విద్యార్థులకు చూపించడం కోసం మొగ్గలు, తీగల కొసలు, గింజలు, చుట్ట చుట్టుకున్న ఫెర్న్ చిగుళ్ళు తెచ్చి, స్వయంగా తయారుచేసుకున్న కెమెరాతో ఎన్నో రెట్లు పెద్దవిగా ఫోటోలు తీశాడు. అవి ఎవరికో ప్రదర్శించడానికి తీసినవి కావు. తరగతి గదికి బోధన సామగ్రి. 1928లో అవి పుస్తకంగా వచ్చేసరికి లోకం ఆశ్చర్యపోయింది. ఇనుప కటకటాల మెలికలు, స్తంభాల మీది చెక్కడాలు ఒక మామూలు మొక్క కొసలో కనిపించాయి మరి!

మీరూ చేసి చూడండి

ఖరీదైన కెమెరా అక్కరలేదు. మొదటి రెండు ప్రయోగాలకు కెమెరాయే అక్కరలేదు.

1. గది చీకటి చేసి, బల్ల మీద ఒక రూపాయి నాణెం పెట్టండి. టార్చిలైటును సరిగ్గా పైనుంచి వేయండి. తర్వాత టార్చిని నెమ్మదిగా కిందికి దించుతూ, కాంతి బల్లను ఒరుసుకుంటూ పోయేలా పట్టుకోండి. అంకెలూ అక్షరాలూ ఏ కోణంలో బాగా ఉబికి వచ్చాయో నోటుపుస్తకంలో రాసుకోండి.

2. పోస్టుకార్డు అంత అట్టముక్కలో అగ్గిపెట్టె అంత కిటికీ కోయండి. ఒక కన్ను మూసి, ఆ కిటికీలోంచి ఇంట్లోని వస్తువులను చూడండి. అట్టను కంటికి దగ్గరగా, దూరంగా జరపండి. చుట్టూ ఉన్న సామానంతా తప్పుకొని, ఒక్క వస్తువే మిగిలినప్పుడు అది ఎంత కొత్తగా కనిపిస్తుందో గమనించండి.

3. కిటికీ పక్కన ఒక వంకాయనో టమాటానో పెట్టండి. వెనుక ఒక నల్లని గుడ్డ వేలాడదీయండి. నీడ పడిన వైపున ఒక తెల్లకాగితం నిలబెట్టండి. తర్వాత కాగితం తీసేయండి. తేడా చూడండి. ఆ కాగితమే మీ గరాటు! సెల్‌ఫోను దొరికితే ఫ్లాష్ ఆపి, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి రెండు ఫోటోలూ తీయండి.

అట్లకాడ

ఇక మన కుర్రవాడి సంగతి.

మిరపకాయ కథ చెప్పాక, "అందమైనది వద్దు. మీ ఇంట్లో రోజూ చేతిలోకి తీసుకునే వస్తువు ఏదో ఒకటి పట్టుకో" అన్నాను. మర్నాడు ఒక ఫోటో చూపించాడు. ఫ్లాష్ వేసి తీసినది. మధ్యలో తెల్లని మచ్చ, చుట్టూ చీకటి. "ఏమిటిది?" అంటే "అట్లకాడండి" అన్నాడు. తరగతిలో నవ్వారు. వాడూ నవ్వాడు కానీ, చెవులు ఎర్రబడ్డాయి.

"మచ్చ ఎందుకు వచ్చింది?" అని తరగతిని అడిగాను. కాసేపటికి ఎవరూ చెప్పకముందే వాడే చెప్పాడు. "నున్నగా అరిగిపోయిందండి. అద్దంలా వెలుతురు తిరిగొచ్చేసింది." అంతవరకూ కోణాల పాఠంలో నోరు విప్పని పిల్లవాడు వాడు.

మూడోరోజు ఇంకో ఫోటో తెచ్చాడు. పొద్దున్నే గుమ్మంలో ఏటవాలుగా పడే ఎండలో, గడప మీద పెట్టి తీశాడట. ఇనుప రేకు మీద సన్నని గీతలు వందలకొద్దీ, అన్నీ దాదాపు ఒకే వాలుగా కనిపించాయి. అట్లకాడ అంచు ఒక మూల అరిగి, నెలవంకలా వంగింది. రెండో మూల ఇంకా కోణంగానే ఉంది.

"ఒకే మూల ఎందుకు అరిగింది?" అని అడిగాను.

"మా నాయనమ్మ, తర్వాత మా అమ్మ, ఇద్దరూ ఒకే చేత్తో ఒకే వాటంగా గీకారండి. పెనానికి ఆ మూలే తగులుతుంది" అన్నాడు.

ఘర్షణ గురించి నేను ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇవ్వలేను. గట్టి ఇనుము కూడా రోజుకు ఇంత అని చెప్పలేనంత కొద్దిగా అరుగుతూ, ఇద్దరు మనుషుల చేతివాటాన్ని తన అంచు మీద రాసుకుంది. అది ఎప్పుడూ వాళ్ళ వంటింట్లోనే ఉంది. ఏటవాలు వెలుతురు పడేదాకా ఎవరికీ కనిపించలేదు.

ఆ ఫోటోను సైన్సు గది గోడకు అంటించాం. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన వాళ్ళమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. "ఇది మా అట్లకాడేనా అయ్యగారూ?" అని అడిగింది. "మీదేనమ్మా" అన్నాను. ఆమె కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.

ఆలోచించండి

1. మీ ఇంట్లో అరిగిన వస్తువు ఒకటి వెతకండి. రోలు, గడప, చెప్పు, కత్తిపీట, ఏదైనా సరే. అది ఎటువైపు అరిగింది? ఎందుకు?

2. ఎడమచేతి వాటం గల వారి ఇంట్లో అట్లకాడ ఏ మూల అరుగుతుంది? అలాంటి ఇల్లు దొరికితే పోల్చి చూడండి.

3. నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు గల కటకానికి ఎఫ్/16 దగ్గర ద్వారం వ్యాసం ఎంత? ఎఫ్/8 దగ్గర 2 సెకన్లు చాలితే, ఎఫ్/16 దగ్గర ఎన్ని సెకన్లు కావాలి?

(మూడో ప్రశ్నకు జవాబు: 12.5 మిల్లీమీటర్లు, 8 సెకన్లు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు మీ ఇళ్ళలోనే ఉన్నాయి.)